జిరాక్స్ అక్క గోళ్ళరంగు చుక్కలు

పెద్దాసుపత్రి గేటు ఎదుట జిరాక్స్ అక్కను ఎరగనివాళ్ళు లేరు. అసలు పేరు అడిగితే మాత్రం ఒక్కరూ చెప్పలేరు. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. భర్త పోయాక మూతబడబోయిన కొట్టును పన్నెండేళ్ళుగా ఒంటిచేత్తో లాక్కొస్తోంది. చేయి ఆగినా నోరు ఆగదు. మెషిన్లో కాగితం ఇరుక్కుంటే దాన్ని నాలుగు తిట్టి మరీ లాగుతుంది.

ఒకరోజు పొద్దున్నే ఆ కొట్టుకు వెబ్‌సైట్ పిల్ల వచ్చింది. ఆసుపత్రి వైద్యం కార్డుల వెబ్‌సైట్ తయారుచేసినవాళ్ళలో ఆమె ఒకతి. ఫిర్యాదులు గుట్టలు పడుతుంటే, జనం ఎక్కడ తడబడుతున్నారో పక్కన కూర్చుని చూసి రమ్మని పైవాళ్ళు పంపారు. సైటు బాగానే ఉంది, జనానికే వాడడం రాదన్నది ఆమె గట్టి నమ్మకం.

కంప్యూటర్ తెర చూసి ఆమె కళ్ళు చెదిరాయి. అద్దం నిండా గోళ్ళరంగు చుక్కలు. ఎర్రవి పది, పచ్చది ఒక్కటి.

"ఇవేంటక్కా?"

"ఎర్రచుక్క కింద ఏమున్నా ముట్టుకోకూడదు. ముట్టుకుంటే రాసిందంతా గోవిందా. పచ్చచుక్క దగ్గర చీమ తలకాయంత ‘పంపు’ ఉంది చూడు, అదీ అసలుది. ఈ నీలం మీట, ‘పూర్తయింది’ అని ఇంత లావున ఉందే, ఇది పంపేదీ లేదు పాడూ లేదు, పేజీ మూసేస్తుంది. దీన్ని పెట్టిన మహానుభావుడెవడో గానీ, రెండేళ్ళుగా రోజూ తిట్టుకుంటున్నా."

 ఆ నీలం మీట పెట్టింది వెబ్‌సైట్ పిల్లే.

అంతలో టైలర్ బాబాయ్ వచ్చాడు. ఆయన భార్యకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆమె వైద్యం కార్డు గడువు పెంచమని ఇంట్లో ఫోన్లో మూడుసార్లు దరఖాస్తు నింపి, మూడుసార్లూ ఆ నీలం మీటే నొక్కాడు. మధ్యలో మానేశాడనుకుని సైటు ఆయన్ని పన్నెండు రోజులపాటు రావద్దంది. పదమూడో రోజుకు కార్డు చెల్లదు.

"పూర్తయిందని అదే చెప్పిందమ్మా. ఆఫీసులోనేమో అసలు రాలేదంటారు. నేను అబద్ధమాడుతున్నట్టు చూస్తున్నారు," అన్నాడు.

ఆ పూటే వెబ్‌సైట్ పిల్ల బయటపడింది.

"అక్కా, ఆ మహానుభావుణ్ణి నేనే."

అక్క ఎగాదిగా చూసింది. "నువ్వా! అయితే కూర్చో. తిట్లు ఇంకా మిగిలున్నాయి."

కూర్చుంది. అయిదు రోజులు ఆ స్టూలు వదల్లేదు. ఒక్కో చుక్క వెనక ఒక్కో మనిషి ఉన్నాడు. మూడో చుక్క, రాసింది చెరిగిపోయి ఏడ్చిన ఒక తల్లిది. ఏడోది, కళ్ళద్దాలు మరిచిపోయిన ఒక డ్రైవరుది. అక్క ఎవరినీ మరిచిపోలేదు. తాము ఏడుగురు చదువుకున్నవాళ్ళు రెండేళ్ళు చల్లని గదిలో కూర్చుని కనుక్కోలేనిది ఈవిడ ఒక్క గోళ్ళరంగు సీసాతో కనుక్కుందే అని ఆ పిల్లకు ఒళ్ళు ఝల్లుమంది. అక్క ముందు తన చదువంతా చిన్నదైపోయింది. వెళ్ళేముందు స్కేలు అడిగి తీసుకుని, చుక్కల మధ్య దూరాలు రాసుకుంది.

పన్నెండో రోజు, బాబాయ్ మీదున్న అడ్డు తీసేసి, కొత్త పేజీని మొదటగా ఆ కొట్టులోనే ఆయన చేత తెరిపించారు. ఎవరూ సాయం చేయకూడదన్నది పరీక్ష నియమం.

"ఏమన్నా అయితే? నేను చేసిపెడతాను బాబాయ్," అంది అక్క.

"వద్దమ్మా. నేనే పంపాలి. నా మాట నిజమని నాక్కూడా తెలియాలిగా."

అక్క రెండు చేతులతో తన నోరు మూసుకుంది. బాబాయ్ ఒక్కో అక్షరం వెతికి వెతికి కొట్టాడు. చివరి పేజీ వచ్చింది. ఎర్రచుక్కల కింద ఇప్పుడేమీ లేదు, అంతా ఖాళీ. సరిగ్గా పచ్చచుక్క కింద మాత్రం ఒకే ఒక పెద్ద మీట: ‘పంపండి’.

అక్క చేతులు జారిపోయాయి. "అదేంటి తల్లీ, నా చుక్క కిందికొచ్చింది?"

"నువ్వు అందరికీ నేర్పిన చోటు అదేగా అక్కా. దాన్ని నేనెందుకు మార్చాలి?"

బాబాయ్ నొక్కాడు. ‘మీ దరఖాస్తు మాకు చేరింది’ అని వచ్చిన మాటను రెండుసార్లు పైకి చదివాడు.

"చేరిందటమ్మా! నేనే పంపాను. దీన్ని కాగితం మీద తీసి, రెండు జిరాక్సులు ఇవ్వు. ఒకటి మా ఆవిడకి చూపించాలి."

అక్క మెషిన్ దగ్గరికి వెళ్ళింది. కాగితం ఇరుక్కుంది. ఆవిడ దాన్ని ఒక్క మాటా అనకుండా మెల్లగా లాగింది.