గంగులయ్య కారు, అంకాలమ్మ ముగ్గు

మా ఊరి గంగులయ్య కారుకు ఎవరూ దారి చూపనక్కర్లేదు. అదే నలుగురికీ దారి చూపేది. గూడూరు నుంచి మా సముద్రపు ఒడ్డు దాకా రోడ్డు పొడవునా దాని నల్లటి నూనె చుక్కలు వరసగా ఉండేవి. ఒకసారి పొగమంచులో ఏమీ కనిపించక, బస్సు డ్రైవరు ఆ చుక్కలనే నమ్ముకుని వచ్చి బస్సును తిన్నగా గంగులయ్య గుమ్మం ముందు ఆపాడు. దిగిన వాళ్లందరికీ ఆయన భార్య అంకాలమ్మ టీ కాచి పోసింది. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు నాకు అబద్ధమాడకూడదని నేర్పారు. అందుకని ఉన్నదాన్ని కాస్త సాగదీస్తాను తప్ప లేనిది చెప్పను.

గంగులయ్య ఒకప్పుడు సముద్రంలో చేపల వేటకు పోయేవాడు. మోకాళ్లు మొరాయించాక పడవ అమ్మేసి పాత డీజిల్ కారు కొన్నాడు. చేపల గంపలతో ఆడవాళ్లను మార్కెట్టుకూ, నొప్పులొచ్చిన వాళ్లను ఆస్పత్రికీ చేర్చేది అదే. ఆయన దృష్టిలో మాత్రం అది చక్రాలున్న పడవ. బానెట్టుకు పసుపు పూసి వేపమండ కట్టాడు. మలుపు వస్తే చుక్కాని పట్టినట్టు ఒళ్లంతా వంచి తిప్పేవాడు. వేటకు పోయేముందు మోకులన్నీ లాగి చూసుకున్నట్టు, రోజూ పొద్దున్నే బానెట్టు ఎత్తి, కంటికి కనిపించిన ప్రతి నట్టునూ స్పానరుతో ఇంకో పట్టు బిగించేవాడు. సముద్రంలో వదులు ముడి మనిషిని మింగుతుంది మరి.

చిక్కల్లా కారు నిలిచే చోటుతోనే. అది సరిగ్గా అంకాలమ్మ ముగ్గు వేసే వాకిలి. ఆమె చీకట్లో లేచి పద్మం వేస్తే, తెల్లారేసరికి దాని నడిబొడ్డున నల్లటి చుక్క.

"గంగమ్మ జాతర నాడు నా ముగ్గులో చుక్క పడిందా, నీ బండిని పాత ఇనప సామానోడికి తోలేస్తా" అంది ఒకరోజు.

గంగులయ్య కంచం వదిలేసి లేచాడు. అంకాలమ్మ అంటే అన్నంత పనీ చేస్తుంది. ఇలాగే ఒకసారి చెప్పి, ఆయన రేడియో ఇచ్చేసి ఉల్లిపాయలు తీసుకుంది.

వెంటనే కారు కిందికి దూరాడు. ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టి తడిగా తగిలింది.

"కన్నం ఈడనే ఉండాది మే! పడవకైనా బండికైనా తడున్న చోటే కదా కన్నం."

పడవ పగుళ్లకు చేసినట్టే దూదినీ గుగ్గిలాన్నీ నూనెతో దంచి తొట్టికి దట్టంగా మెత్తాడు. నూనె ఆగలేదు. ఇంకా మెత్తాడు. ఇంజను అడుగు తేనెపట్టులా ఉబ్బింది. పైగా వేడెక్కేసరికి గుగ్గిలం పొగ గుడి ధూపంలా లోపలంతా కమ్ముకుంది. గూడూరు దారిలో చిల్లకూరు దాటేలోగా వెనక సీట్లో ఒక అవ్వకు పూనకం వచ్చింది. ఆమెను శాంతింపజేయడానికి నిమ్మకాయల లారీని ఆపాల్సి వచ్చింది.

జాతర రోజు రానే వచ్చింది. వాకిలి నిండా అంకాలమ్మ ముగ్గు.

"చూడు మే, ఇంజను ఆడతా ఉన్నా చుక్క రాలదు" అంటూ గంగులయ్య బానెట్టు ఎత్తి, బండి స్టార్టు చేశాడు.

టప్పున రాలింది, పద్మం మధ్యలోకే.

అంకాలమ్మ చేతిలోని ముగ్గుపిండి పళ్లెం ఇంజను మీదికి విసిరికొట్టింది. సగం పిండిని ఫ్యాను తిరిగి ఇద్దరి మొహాలకే పూసింది. మిగతాది నూనె జిడ్డుకు అంటుకుని ఇంజను సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది. ఇద్దరూ తిట్టుకుంటూ ఉండగానే ఆ తెలుపు మీద, ఇంజను పైన బిగించిన రేకు మూత అంచు నుంచి ఒక నల్లటి గీత బయలుదేరి, నిదానంగా కిందికి పాకింది.

అంకాలమ్మ తిట్టు మధ్యలో ఆగిపోయింది. "ఏమయ్యా, కంట్లో నీళ్లు కారతా ఉంటే గడ్డానికి గుడ్డ కడతావా? పైన చూడు!"

"అయితే బండి అమ్మవా?"

"నేను కనిపెట్టినాక ఎట్టమ్మేది? రేపు తెల్లారేదాకా టయిమిస్తా ఉండా."

ఇద్దరూ గూడూరులో మెకానిక్కు హెబ్రోను దగ్గరికి వెళ్లారు. అతను మూత విప్పి నవ్వాడు. "ఇది రేకు మూతా, లంగరా పెద్దాయనా? బిగించి బిగించి రేకు వంచేసినావు. లోపల నూనె ఆపే బెండు గాస్కెట్టు నలిగి బయటికొచ్చేసిండాది. వదులై కాదు, నీ బిగింపుకే కారతా ఉండాది."

గంగులయ్య స్పానరును వెనక్కి దాచుకోబోయాడు. అంకాలమ్మ లాక్కుని కొంగున ముడేసుకుంది. హెబ్రోను రేకు అంచు చదును చేసి, కొత్త బెండు పెట్టి, సుతారంగా బిగించాడు. అడుగున మెత్తిన గుగ్గిలం గోకడానికే ఎక్కువసేపు పట్టింది.

మర్నాడు సూర్యుడు పైకి వచ్చినా పద్మం తెల్లగానే ఉంది. అంకాలమ్మ వంగి కారు కిందికి చూసింది.

"అసలు లోపల నూనె ఉండాదా?"

గంగులయ్య కొలిచే కడ్డీ లాగి చూపించాడు. నిండుగా ఉంది. ఆమె తలుపు తీసి ముందు సీట్లో కూర్చుంది. కొన్నప్పటి నుంచీ ఆమె ఆ కారు ఎక్కిందే రెండోసారి.

గంగులయ్య చెయ్యి అలవాటుగా బానెట్టు మీదికి పోయింది. "మే, ఒక్కటంటే ఒక్క పట్టు..."

అంకాలమ్మ కొంగున ముడేసిన స్పానరు తలుపుకు తగిలి టంగుమంది.

"పట్టు నా కాడుండాది. నువ్వు బండి తియ్."