శనివారం మోసిన బస్తాలు

గుంటూరులో మా మతం వాళ్లకు అన్నిటికంటే పాత సమాజ మందిరం మా పేటలోదే. దాని చరిత్ర చెప్పమంటే మా పెద్దలు అప్పటి మందిరం పెద్ద మోషే గారితో మొదలుపెట్టి ఆయనతోనే ముగిస్తారు. వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఆ మట్టి గోడలు మాకు దక్కాయంటే అది మా మేనత్త పేరమ్మ వల్ల. ఆమె పేరు మాత్రం ఎవరి నోటా రాదు.

మావి చర్చి నుంచి విడిపోయి యూదుల ఆచారం పట్టిన గుప్పెడు కూలి కుటుంబాలు. శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం పొద్దుగూకేదాకా పొయ్యి వెలిగించం, బరువెత్తం. పేరమ్మత్త మిరపకాయల కొట్లో బస్తాలు మోసేది. శనివారం రానన్నందుకు ఎన్ని కొట్లలో ఆమెను మానిపించారో! అయినా ఆచారం తప్పలేదు. భర్త పోయాక ఆమెను మనిషిగా చూసింది ఆ మందిరంలోనే.

భావనారాయణ అనే మిర్చి వ్యాపారి కన్ను మా మందిరం మీద పడింది. గోడౌనుకు ఇమ్మని అడిగితే మా పెద్ద మోషే గారు కుదరదన్నారు. భావనారాయణ మళ్లీ అడగలేదు. పంతొమ్మిది వందల అరవై రెండు వేసవిలో, మబ్బు పట్టిన ఒక శనివారం, మేం ప్రార్థనలో ఉండగా బండ్లు తోలుకొచ్చాడు.

"వానొస్తోంది, సరుకు తడిసిపోద్ది," అంటూ కూలీల చేత బస్తాలు లోపల వేయించాడు. తాళం కోసం మనిషిని పంపాడు. ఆ రోజు మేం బరువెత్తమని వాడికి తెలుసు. తాళం పడితే ఇక మందిరం మాది కాదని మాకూ తెలుసు. వెనక వీధిలో ఒకరి పాక ఇలాగే, సరుకు పెట్టి తాళం వేశాక, వాడి పాలైంది.

"పొద్దుగూకనీండి. అప్పుడు తీసేద్దాం," అన్నారు మోషే గారు.

"అప్పటికి తాళం పడుద్దండీ," అంది పేరమ్మత్త.

ఎవరూ కదల్లేదు. మగాళ్లంతా కళ్లు మూసుకుని కీర్తన అందుకున్నారు. దాన్ని భక్తి అనమంటే నేననను. అత్త కొంగు నడుముకు చుట్టి, ఒక బస్తా వీపు మీదికి ఎత్తుకుని, వానలోకి వెళ్లి బురదలో పడేసింది. తిరిగొచ్చి ఇంకోటి ఎత్తింది. కుట్లు ఊడి కాయలు బురదపాలయ్యాయి. భావనారాయణ నోటికొచ్చినట్టు తిట్టాడు. చివరికి సరుకంతా పాడైపోతుందని భయపడి, మిగతా బస్తాలు తన కూలీల చేతనే బండ్లెక్కించి, పట్టాలు కప్పించుకుని పోయాడు.

మరుసటి శనివారం అత్త మందిరానికి వెళితే మోషే గారు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. విశ్రాంతి దినాన బరువెత్తావు, మోకాళ్ల మీద పడి క్షమాపణ అడిగితేగాని లోపలికి రానివ్వనన్నారు. తాను కాపాడలేని గుమ్మానికి కాపలా కాయడానికి ఆయనకు సిగ్గు వెయ్యలేదు.

అత్త గొంతు పెంచలేదు.

"తప్పేనయ్యగారూ. అయితే ఆ బస్తాలు మళ్లీ తెప్పించి, ఎక్కడివక్కడ లోపల పెట్టించండి. తాళం కూడా వేయించండి. అప్పుడు పడతాను మోకాళ్ల మీద."

మోషే గారు గుమ్మంలోంచి పక్కకు జరిగారు. ఆయన గాని, ఆనాడు కీర్తన పాడిన వాళ్లు గాని, అత్తను మాత్రం ఆమె పోయేదాకా క్షమాపణ అడగలేదు.