జానెడు ఎత్తిన జీపు

మొన్న మా మేనల్లుడు కొత్త జీపు కొని, చాలదన్నట్టు దాన్ని ఇంకా ఎత్తు చేయించి, వాకిట్లో నిలబెట్టి హారను కొట్టాడు. సంబరంగా ఒక కాలు పైకి పెట్టాను. మోకాలు టక్కుమంది. రెండో కాలు నేల మీదే ఉండిపోయింది. ఆ చప్పుడుకి అమలాపురంలో జీపులు బాగుచేసే ఇస్సాకు మేస్త్రీగారు గుర్తొచ్చారు.

ఎనభైల తొలి రోజుల్లో నేను కాట్రేనికోన వైపు ఒక చిన్న ఆసుపత్రిలో కొత్త డాక్టర్ని. ఏటి ఒడ్డు పల్లెల్లో ఎవరికైనా కాన్పు కష్టమైతే తీసుకురావడానికి మాకున్నది ఒక్క పాత జీపు. వానాకాలం వస్తే అది పొట్ట బురదకి ఆనించి కూర్చునేది. చక్రాల మీది కమాను స్ప్రింగులకి అదనంగా ఇనప పట్టీలు వేసి ఎత్తు పెంచమని మేస్త్రీగారి షెడ్డుకి తీసుకెళ్ళాను. జానెడు పెంచాలని నా పట్టుదల.

"బెత్తెడు చాలండి డాక్టరమ్మగారూ," అన్నారాయన. "ఆపైనయితే మా అమ్మకి కాలు అందదండి."

షెడ్డు మూల చింతపండు గింజలు తీస్తున్న ముసలావిడ తలెత్తి, "ఆయ్, అందదండి," అంది. ఏ బండి ఎత్తు పెంచినా, ఆవిడ ఒకరి సాయం లేకుండా ఎక్కి దిగితేనే మేస్త్రీగారు బయటికి పంపేవారట. నాకు ఒళ్ళు మండింది.

"నా జీపుకి మీ అమ్మగారి పరీక్షేమిటండీ? బురద దాటాలా వద్దా?"

"బురద దాటేది బండండి. ఎక్కేది మనిషండి."

అయినా నా మాట తీసెయ్యలేక జానెడూ ఎత్తారు. అందులో కూర్చుంటే కొబ్బరిచెట్టు ఎక్కినట్టుండేది. మొదటి వానకే కబురొచ్చింది. తొలికాన్పు, తెల్లారినుంచీ నొప్పులు. బురదంతా అవలీలగా దాటి వాళ్ళ గుమ్మం ముందు ఆగాను. ఆ పిల్ల జీపు వంక చూసి ఏడుపు లంకించుకుంది. స్టూలు వేస్తే బురదలో దిగబడింది. రోలు బోర్లిస్తే దొర్లింది. చివరికి నలుగురు పట్టి మంచంతో సహా ఎత్తబోతే అత్తగారు అడ్డం పడింది.

"నేను లేకుండా పిల్లని పంపనండి! ముందు నన్ను ఎక్కించండి!"

ఆవిడ మంచి పుష్టిగల మనిషి. ఆవిణ్ణి ఎక్కించేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. కాన్పు వాళ్ళ వసారాలోనే చేశాను. ఆ పిల్లకేమైనా అయితే తప్పు బురదది కాదు, నాది. దేవుడి దయవల్ల తల్లీ బిడ్డా దక్కారు. దిగడం చాతకాని అత్తగారు మనవణ్ణి జీపులోంచే చూసుకుంది.

మర్నాడు షెడ్డుకి వెళ్ళి జరిగింది చెప్పాను. మేస్త్రీగారు పట్టీలు తీసి బెత్తెడుకి దించి, పక్కన ఒక మెట్టు అతికించి, వాళ్ళమ్మని పిలిచారు. ఆవిడ కుచ్చిళ్ళు పట్టుకుని ఎక్కి ముందు సీట్లో సర్దుక్కూర్చుంది.

"ఎలాగూ ఎక్కేను గదండీ, బజారు దాకా తిప్పండి."

తిప్పాను. ఆ తర్వాత మేం చాలాసార్లు బురదలో ఆగిపోయాం, ఊళ్ళవాళ్ళు తోశారు. ఎక్కలేక మాత్రం ఎవరూ ఆగిపోలేదు. ఆసుపత్రికి మంచం కొన్నా, మెట్లు కట్టించినా, ఊళ్ళో అందరికంటే పెద్దావిణ్ణి పిలిచి ముందు ఎక్కించి చూడటం నాకు అలవాటైంది.

"అత్తా, చెయ్యివ్వు, లాగుతాను," అన్నాడు మేనల్లుడు. ఇవ్వలేదు.

"బండి మళ్ళీ షెడ్డుకి తీసుకుపోరా. దించి తెచ్చేదాకా నేనిక్కడే ఉంటాను," అని అరుగు మీద చతికిలబడ్డాను. ఇన్నేళ్ళకి ఆ ముసలావిడ ఉద్యోగం నాకొచ్చింది.