చెవి మిషన్ ఆరబెట్టే వేళ

గత నెల ఒక మంగళవారం మధ్యాహ్నం, వేలూరు పక్కన తొరపాడిలోని మా ఇంట్లో నా భార్య చనిపోయింది. ఆ పొద్దున ఆమెకు ఏ నలతా లేదు. వంకాయ పులుసు చేసింది. ఇద్దరం తిన్నాం. రెండు గంటలకు నా చెవి మిషన్ అడిగి తీసుకుని, బ్యాటరీ బయటకు తీసి, మిషన్‌ను డబ్బాలో పెట్టి మూత బిగించింది. నేను పడుకున్నాను. ఆమె ఆరిన బట్టలు తీయడానికి పెరట్లోకి వెళ్లింది. మూడు కావస్తుండగా పక్కింటామె వచ్చి నా భుజం తట్టి లేపింది. నేను వెళ్లేసరికి నా భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఊపిరి లేదు. డాక్టరు వచ్చి ఏదో చెప్పాడు. గుండె ఆగిందట. ఎవరో కాగితం మీద రాసి చూపించారు.

మిషన్ లేకపోతే పక్కన నిలబడి అరిచినా నాకు అందదు. ఐదేళ్లు వస్తే గొప్ప అని అమ్మినవాళ్లే అన్న మిషన్ తొమ్మిదేళ్లు పనిచేసింది. అది ఆమె చలవ.

ఆమె పుట్టిల్లు గుడియాత్తం. బజారులో వాళ్ల నాన్నకు అగ్గిపెట్టెల డిపో ఉండేది. వానకాలంలో చెమ్మ పట్టిన సరుకును పెట్టె తెరవకుండానే కనిపెట్టేది. చెవి దగ్గర ఊపితే చాలు. ఎండు పుల్లలు గలగలమంటాయి, చెమ్మ పట్టినవి మొద్దుగా కదులుతాయి. ఒకసారి అక్కడికి వెళ్లినప్పుడు నాకు రెండు పెట్టెలిచ్చి ఏది చెమ్మదో చెప్పమంది. రెండూ ఒకటే అన్నాను. మామగారు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. పెట్టెలు ఇంకా దగ్గరగా తెచ్చి మళ్లీ ఊపింది. నా ముఖం చూసి నవ్వడం మానేసింది. మర్నాడే వేలూరులో చెవుల పరీక్షకు తీసుకెళ్లింది. నాకు వినికిడి తగ్గుతోందని నాకంటే ముందు ఆమెకే తెలిసింది.

మిషన్ వచ్చాక దాని బాధ్యత ఆమే తీసుకుంది. మా ఊరి ఎండకు చెవి వెనక చెమట ఆగదు. అందుకే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, మళ్లీ రాత్రంతా మిషన్ డబ్బాలో ఉండాల్సిందే. బియ్యంలో పెడితే సరిపోతుందని నేనంటే, పిండి లోపలికి పోతుందని ఒప్పుకోలేదు. చెమ్మ పీల్చే నీలి గుళికలు తెప్పించి డబ్బాలో పోసింది. అవి గులాబీ రంగుకు తిరగ్గానే, వాటికోసమే ఉంచిన పాత మూకుడులో సన్నసెగ మీద వేడిచేసేది. మళ్లీ నీలమయ్యేవి. పక్కింటామె వచ్చి, "ఏమక్కా, అన్నకు ఈ పొద్దు గుళికల వేపుడా?" అనేది.

"ఏం చేసేది, ఈయప్ప చెవికి గూడా ఆకలేస్తాది," అనేది నా భార్య.

కొత్త బ్యాటరీ మీది కాగితం పీకగానే బిగించనిచ్చేది కాదు. దానికి కాస్త గాలి తగలాలని ఐదు నిమిషాలు ఆపేది. ఫోన్ ఛార్జర్‌ను నేను తీగ పట్టుకుని లాగితే చూసి ఊరుకునేది కాదు. "తల పట్టుకోని తీయండి. మిమ్మల్ని జుట్టు పట్టుకోని లాగితే వస్తారా?" అనేది. నాతో పోట్లాడాల్సి వస్తే మిషన్ తీయించాకే మొదలుపెట్టేది. పెదవుల కదలిక చూసి నేను సగం పట్టుకునేవాణ్ని. మిగతా సగం ఏమిటో ఇప్పటికీ తెలియదు.

ఆ మంగళవారం నుంచి స్నానానికి తప్ప మిషన్ తీయలేదు. పడుకున్నా చెవిలోనే. కూర్చోలేను. గేటు చప్పుడైతే లేస్తాను. పక్కింట్లో కుక్కర్ కూసినా లేస్తాను. పెరట్లోకి వెళ్లి వస్తాను. ఆమె పిలిచి ఉంటుంది, నాకు వినపడి ఉండదు. ఈ ఒక్క మాటే తిరుగుతూ ఉంటుంది.

పది రోజుల క్రితం మిషన్ గరగరమనడం మొదలైంది. వేలూరులో దుకాణానికి వెళ్లాను. అక్కడి అమ్మాయి విప్పి చూసి, లోపల చెమ్మ చేరిందని, నాలుగు రోజులు తమ దగ్గర వదలాలని, ఆలస్యమైతే ఇక పనికిరాదని చెప్పింది. ఇన్నేళ్లు ఇంత శుభ్రంగా ఉంచి ఇప్పుడెందుకిలా చేశారని అడిగింది. మిషన్ పెట్టుకుని వచ్చేశాను. నాలుగు రోజులు ఏమీ వినకుండా ఉండాలంటే భయం వేసింది.

నిన్న మిషన్ రెండుసార్లు పూర్తిగా ఆగి, మళ్లీ పలికింది. అది పలుకుతుండగానే, నెల రోజులుగా అడగలేకపోయిన మాట పక్కింటామెను అడిగాను. మా ఆవిడ నన్ను పిలిచిందా అని.

"లేదన్నా. అక్క కూలబడింది చూసి నేనే మిమ్మల్ని కేక వెయ్యబోతే వద్దనింది. మిషన్ ఆరతా ఉండాది, అరిచినా వినపడదు, నువ్వు పోయి తట్టి లేపు అనింది. అంతే అన్నా. ఇంగేమీ అన్లేదు."

అది నన్ను ఊరడించిందో లేదో చెప్పలేను. రాత్రి చాలాసేపు నడిచాను. వినపడదని తెలిసే ఆమె పిలవలేదు. ఇన్నాళ్లూ నేను చెవి ఒగ్గింది లేని పిలుపు కోసం. ఆమె కాపాడిన వస్తువును ఆ పిలుపు కోసం పాడుచేస్తున్నాను.

మీ ఇంట్లో ఇలాంటి మిషన్ ఉంటే రోజూ తీసి ఆరబెట్టండి. నాకు తెలిసింది అంతే.

రేపు ఉదయం తొమ్మిదిన్నరకు దుకాణం తెరుస్తారు. మిషన్ తీసి ఆ అమ్మాయి చేతిలో పెడతాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కండక్టర్ ఏమడిగినా, తొరపాడి అనే చెబుతాను.