ఇంజను హోరులో సగం మాట

మావారికి గుండెపోటు వచ్చి విజయవాడ ఆసుపత్రిలో పరిస్థితి విషమిస్తే, విమానంలో చెన్నై తీసుకెళ్లమన్నారు. అంబులెన్సులో గన్నవరం చేరాం. మామూలుగా సరుకులు మోసే చిన్న విమానమట, అందులోనే స్ట్రెచరు బిగిస్తున్నారు. అంబులెన్సు లోపల డాక్టరుగారు ఆయన్ని చూస్తుంటే, నేనూ మా అత్తయ్యా బయట నిలబడి ప్రార్థన చేసుకుంటున్నాం.

ఇంతలో విమాన కంపెనీ ఉద్యోగి ఒకాయన గబగబా వచ్చి, "అమ్మా, బాడీ..." అన్నాడు. మిగతాది ఇంజను హోరులో కలిసిపోయింది.

మా వైపు ఆ మాట శవానికే వాడతారు. "అయ్యో, నా కొడుకో!" అంటూ అత్తయ్య కూలబడ్డారు.

ఆ కేకకు డాక్టరుగారు తల బయటపెట్టి, "ఏమైందండీ? ఆయన బానే ఉన్నారు కదా!" అన్నారు.

ఉద్యోగి బిక్కచచ్చిపోయాడు. "బాడీ వెయిట్ ఎంతని అడిగానండీ. చిన్న ఫ్లైటు కదా, అందరి బరువూ చూసుకోవాలి."

"డెబ్బై... డెబ్బై రెండు కిలోలండీ" అని ఏడుస్తూనే చెప్పాను.

ఇప్పుడాయన బరువు ఎనభై కిలోలు దాటింది. తగ్గాలని డాక్టరు కేకలేస్తుంటే పక్కనే నిలబడి తలూపుతాను గానీ, బరువు తూచే మిషను మీద ముల్లు కదిలిన ప్రతిసారీ లోలోపల దేవుడికి స్తోత్రం చెప్పుకుంటాను.