చెల్లదని చెప్పే మనిషి

నా చిన్నప్పుడు మా ఊళ్ళో అన్నిటికంటే పాత కట్టుబాటు ఒకటుండేది. సముద్రంలోంచి కేక వినబడితే, అది ఎవరి గొంతైనా సరే, నోటి దగ్గరి ముద్ద వదిలేసి ఒడ్డుకు పరుగెత్తాలి. పగవాడైనా ముందు ఒడ్డుకు చేర్చాలి, పోట్లాట తర్వాత. మైపాడుకు దక్షిణంగా, సరుగుడు తోటల అవతల, ఇసుకలో మొదటి గుడిసెలు వేసుకున్న రోజున మా పూర్వీకులు గంగమ్మ ముందర ఒట్టు పెట్టుకున్న మాట అది. ఆ తర్వాత వచ్చిన పెద్దలు ఎన్నో కట్టుబాట్లు పెట్టారు, ఎన్నో తీశారు. దీన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

మా తాత ఆ ఊరి పెద్దల్లో పెద్ద. ఊళ్ళో తగవు వస్తే పెద్దలందరూ రచ్చ దగ్గర కూర్చొని మాట్లాడి ఒక ఆజ్ఞ ఇచ్చేవారు. దాన్ని మా వైపు దురాయి అంటారు. దురాయి పడిందంటే పడిందే. తప్పెట వేసి చాటించాక దానికి తిరుగులేదు. పోలీసు అవసరం లేకుండానే ఊరంతా దానికి లోబడి ఉండేది. అందుకు తాతకు చాలా గర్వంగా ఉండేది.

మా బడి అయ్యవారు మా ఇంటి వసారాలోనే ఉండేవారు. ఆయనది చిట్టమూరు వైపు రైతు కుటుంబం. మనిషి సన్నగా, ఎప్పుడూ ఏదో ఆలోచిస్తున్నట్టు ఉండేవారు. నెల్లూరు నుంచి రెండు రోజులు ఆలస్యంగా వచ్చే పేపరును ఆదివారం మధ్యాహ్నం తాతకు చదివి వినిపించడం ఆయన అలవాటు. ఒకనాడు అమెరికా సంగతి చదివారు. అక్కడ కొన్ని రాష్ట్రాల్లో నల్లపిల్లలకూ తెల్లపిల్లలకూ వేరువేరు బడులు ఉండాలని చట్టాలు ఉండేవట. ఆ చట్టాలు చెల్లవని దేశంలోని అన్నిటికంటే పెద్ద కోర్టు చెప్పిందట. అయినా ఒక ఊళ్ళో జనం గుమిగూడి పిల్లల్ని లోపలికి పోనివ్వకపోతే, సైనికులు పక్కన నడిచి వాళ్ళను బడికి తీసుకుపోయారట.

తాత నవ్వాడు. "జనం ఓట్లేసి గెలిపించినోళ్ళు గదా చట్టం చేసేది? అందరూ కలిసి చేసినదాన్ని కోర్టులో కూర్చున్నోళ్ళు కొట్టేసేదేందయ్యా? అదేం దేశం?" అన్నాడు.

అన్ని చట్టాలకూ తల్లిలాంటి చట్టం ఒకటి మొదట రాసుకున్నారనీ, తర్వాత చేసేవి దానికి లోబడి ఉండాలనీ, ఉన్నాయో లేదో చూసేది కోర్టేననీ అయ్యవారు చెప్పారు. మన కొత్త రాజ్యాంగంలో కూడా అలాంటి ఏర్పాటు ఉందన్నారు. తాత తల అడ్డంగా ఊపి చుట్ట వెలిగించుకున్నాడు. పక్కన కూర్చొని వింటున్న నాకు అదంతా అర్థం కాలేదు. సైనికుల పక్కన పలకా పుస్తకం పట్టుకొని నడిచే పిల్లలు మాత్రం కళ్ళకు కట్టారు.

మా పక్కింట్లో అన్నదమ్ములు ఇద్దరు ఉండేవారు. తమ్ముణ్ణి నేను బావా అని పిలిచేదాన్ని. ఆయన భార్యను అక్కా అనేదాన్ని, ఆమె నాకు రోజూ జడ వేసేది. వాళ్ళకు నెలల బిడ్డ. తండ్రి పోయాక పెద్ద వల ఎవరిదని అన్నదమ్ములకు తగవు వచ్చింది. పెద్దలు అన్న వైపు చెప్పారు. బావకు అది అన్యాయం అనిపించింది. ఊరికి చెప్పకుండా నెల్లూరు పోయి కోర్టులో దావా వేశాడు.

ఊరు భగ్గుమంది. పెద్దల తీర్పును కాదని బయటికి పోవడం అంతకుముందు ఎవరూ చేయని పని. రచ్చ దగ్గర ఊరంతా చేరింది. దావా వెనక్కి తీసుకునేదాకా ఆ ఇంటికి నిప్పు ఇవ్వకూడదు, నీళ్ళు తోడనివ్వకూడదు, మాట్లాడకూడదు, అతని తెప్ప మీద ఎవరూ ఎక్కకూడదు, అతనికి ఏ సాయమూ చేయకూడదు అని దురాయి వేశారు. ఒక్క గొంతు కూడా కాదనలేదు. పాత కట్టుబాటు సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. మరునాటి నుంచి మా నాయనమ్మే నాకు జడ వేసింది. అక్క ఇసుకలో నీళ్ళూరే చెలమ కోసం కడవ పట్టుకొని సరుగుడు తోట దాటి ఎక్కడికో పోయేది. ఎదురుపడితే నేను నవ్వబోయేదాన్ని, నాయనమ్మ నా చెయ్యి లాగేది.

కార్తీకంలో ఒక ఉదయం బావ ఒంటరిగా తెప్ప వేసుకొని పోయాడు. తెప్ప మీద ఇద్దరన్నా ఉండాలి. ఆయనతో పోయేవాళ్ళు లేరు. పోయేటప్పుడు సముద్రం మెత్తగానే ఉంది. పొద్దెక్కేసరికి ఈశాన్యం నుంచి గాలి లేచింది. మిగిలిన తెప్పలన్నీ ఒడ్డు చేరాయి. నేను నాయనమ్మతో ఇసుక మీద ఎండుచేపలు ఎత్తుతూ ఉన్నాను. అప్పుడు వినిపించింది కేక.

"అన్నా..."

అలలు విరిగే చోటుకు అవతల తెప్ప కట్లు తెగి దుంగలు విడిపోతున్నాయి. ఒక దుంగను కౌగిలించుకొని బావ కనిపించాడు, మునిగాడు, మళ్ళీ కనిపించాడు. ఊళ్ళో తనకంటే పెద్దవాళ్ళందరినీ ఆయన అన్నా అనే పిలిచేవాడు. అది సొంత అన్నను పిలిచిన పిలుపో, ఒడ్డున నిలబడ్డ మగవాళ్ళందరినీ పిలిచిన పిలుపో తెలియదు. సొంత అన్న కూడా అక్కడే ఉన్నాడు. కాళ్ళు ఇసుకలో పాతినట్టు నిలబడ్డాడు. ఎవరూ కదలలేదు. అందరి చూపూ తాత మీదే.

అక్క బిడ్డను చంకన వేసుకొని పరుగెత్తుకుంటూ వచ్చింది. కాళ్ళ మీద పడలేదు, ఏడవలేదు. తాత ఎదురుగా నిలబడి అడిగింది.

"పెద్దాయనా, ఊరు కట్టిన నాడు గంగమ్మ ముందర ఒట్టేసుకున్న మాట పెద్దదా, మొన్న మీరు కూర్చొని వేసిన దురాయి పెద్దదా? ఎవురు చెప్తారు నాకు?"

తాత ముఖం పాలిపోయింది. "అందరం కలిసి వేసినాం మే. నేనొక్కణ్ణే ఎట్టా తీసేది? ఉండు, పెద్దల్ని పిలిపిస్తా" అన్నాడు.

మనుషుల్ని పరుగెత్తించారు. పెద్దల్లో ఒకాయన తోటలో ఉన్నాడు, ఇంకొకాయన జ్వరంతో మంచం మీద ఉన్నాడు. అందరూ వచ్చి ఇసుకలోనే గుండ్రంగా కూర్చున్నారు. ఆపద వచ్చినప్పుడల్లా దురాయి తీసేస్తే ఇక దురాయికి విలువేముందని ఒకాయన అన్నాడు. ఇంకొకాయన కసిరాడు. వాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ కేక వస్తూనే ఉంది. గాలి ఇటు తిరిగితే దగ్గరగా, అటు తిరిగితే దూరంగా. చివరికి తీసేస్తున్నామన్నారు. కుర్రాళ్ళు తెప్పలు తోశారు. దురాయి తీసినట్టు చాటించడానికి ఎవరో అలవాటు కొద్దీ తప్పెట మొదలుపెట్టారు. ఆ చప్పుడులో కేక ఆగిపోయిన సంగతి ముందుగా తెలిసింది అక్కకే. ఆమె ఇసుకలో కూలబడింది.

దుంగలు ఆ పూటే దొరికాయి. మనిషి మరునాడు దక్షిణంగా ఒడ్డుకు కొట్టుకువచ్చాడు.

ఆ తర్వాత మా ఇంట్లో తాత సముద్రం వైపు వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు. గాలి ఈశాన్యానికి తిరిగితే పట్టపగలే లోపలికి పోయి తలుపు వేసుకునేవాడు. నాకూ అంతే. అలల హోరులో ఎప్పుడూ ఒక పిలుపు కలిసి ఉన్నట్టే అనిపించేది. ఊళ్ళో మగవాళ్ళు ఒకరినొకరు అన్నా అని పిలుచుకోవడం కూడా కొన్నాళ్ళు తగ్గింది. ఎవరూ మానుకుందాం అనుకొని మానలేదు, ఆ మాట నోటికి రాలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అయ్యవారు పేపరు చదవబోతుంటే తాత ఆపాడు. ఆ అమెరికా కోర్టు సంగతి మళ్ళీ చెప్పమన్నాడు. "పెద్దలు చేసింది చెల్లదని చెప్పే అధికారం ఆ కోర్టుకు ఎవురిచ్చినారయ్యా?" అని అడిగాడు.

అయ్యవారు పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆ దేశపు రాజ్యాంగంలో ఆ మాట అంత సూటిగా ఎక్కడా రాసి లేదన్నారు. దేశం కొత్తగా ఏర్పడిన రోజుల్లో ఒకాయనకు ఒక చిన్న న్యాయాధికారి ఉద్యోగం ఇచ్చారట. ఉత్తర్వు రాశారు, ముద్ర వేశారు, చేతికి ఇచ్చేలోగా ప్రభుత్వం మారింది. కొత్తవాళ్ళు ఇవ్వలేదు. ఆయన నేరుగా పెద్ద కోర్టుకు పోయాడు. అలా నేరుగా వచ్చినవాళ్ళకు ఉత్తర్వు ఇప్పించే అధికారం కోర్టుకు ఇస్తూ చట్టసభవాళ్ళు ఒక చట్టం చేసి ఉన్నారు. కోర్టు ఏమందంటే, నీకు ఉద్యోగం మీద హక్కు ఉంది, కానీ మాకు ఈ అధికారం ఇచ్చిన చట్టమే రాజ్యాంగానికి పొసగదు, కాబట్టి ఆ చట్టం చెల్లదు అంది. రెండు మాటలు ఢీకొన్నప్పుడు ఏది పెద్దదో ఎవరో ఒకరు చెప్పాలి, అది చెప్పడమే న్యాయమూర్తుల పని అని ఆ రోజు తేల్చుకుందట. ఆ కోర్టు దగ్గర సైన్యం లేదు, ఖజానా లేదు. చెప్పింది, దేశం వింది. అన్నిసార్లూ మంచే చెప్పలేదనీ, నల్లవాళ్ళు ఆ దేశపు పౌరులే కారని ఒకప్పుడు చెప్పింది కూడా ఆ కోర్టేననీ అయ్యవారు దాచకుండా అన్నారు.

 తాత, "ఆ ఉద్యోగం అడిగినాయనకు ఉద్యోగం వచ్చిందా?" అన్నాడు.

"రాలేదు" అన్నారు అయ్యవారు.

"అంటే ఆ మాట పుట్టిన నాడు, అడిగినోడికి ఏం దక్కలా" అని తాత లేచి పోయాడు.

కొన్నాళ్ళకు ఊరిని రచ్చ దగ్గరికి పిలిచి, ఇక తాను దురాయి వేసే చోట కూర్చోనని చెప్పాడు. వేసేవాళ్ళు వేయండి, వేసినదాన్ని పాత ఒట్టుతో సరిచూడడానికి ఒకడు విడిగా ఉండాలి, నిప్పూ నీళ్ళూ సముద్రంలో సాయమూ తీసేసే దురాయి ఎవరు వేసినా చెల్లదని వాడు చెప్పాలి, ఊరు వినాలి, ముందుగా ఆ పని తానే చేస్తాను అన్నాడు.  వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆ కేక అందరి చెవుల్లోనూ ఉంది.

రెండేళ్ళు ఆ అవసరం రాలేదు. వచ్చినప్పుడు ఎవరూ అనుకోని వైపు నుంచి వచ్చింది. పెద్ద వల దక్కించుకున్న అన్న తాగి, రచ్చ దగ్గర పెద్దల మీద చెయ్యి చేసుకున్నాడు. అప్పటికే తమ్ముడి చావు తాలూకు నేరమంతా ఊరు మెల్లగా అతని మీదికి తోసేసి ఉంది. అక్కడ నిలబడి చూసినవాళ్ళందరూ, చూసింది అతనొక్కడే అయినట్టు మాట్లాడేవారు. ఈసారి పెద్దలు ఒక్క మాట మీద దురాయి వేశారు. నిప్పు లేదు, నీళ్ళు లేవు, తెప్ప తోసే చెయ్యి లేదు. ఊరంతా సంతోషించింది. అతనంటే తాతకు ఎంత అసహ్యమో నాకు తెలుసు. అతను ఎదురైతే తాత దారి మార్చేవాడు.

తాత రచ్చ దగ్గరికి నడిచి వచ్చాడు. నేను నాయనమ్మతో ఆడవాళ్ళ వైపు నిలబడ్డాను. "కొట్టినదానికి శిక్ష వేసుకోండి. ఈ దురాయి మాత్రం చెల్లదు" అన్నాడు.  పెద్దలు గొణిగారు, కుర్రాళ్ళు అరిచారు. అయినా తప్పెట మోగలేదు.

అప్పుడు జనంలోంచి అక్క ముందుకు వచ్చింది. బిడ్డ ఆమె కొంగు పట్టుకొని నడుస్తోంది.

"నా మొగుడు పిలిచినప్పుడు పెగలని నోరు, వాడి కోసం పెగిలిందా పెద్దాయనా?" అంది.

అంతే.  తాత తల వంచుకొని నిలబడ్డాడు. తన మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆమె బిడ్డను ఎత్తుకొని వెళ్ళిపోయేదాకా అలాగే ఉన్నాడు. ఆ తర్వాత తాత బతికినంత కాలం ఆమె మా గడప తొక్కలేదు. ఆ అన్న తెప్ప మాత్రం మరునాడు కూడా నలుగురి చేతుల మీదే నీళ్ళలోకి దిగింది.

పెద్దయ్యాక నేను తోటపల్లి గూడూరులో సోషల్ టీచరుగా పనిచేశాను. అమెరికా రాజ్యాంగం పాఠంలో న్యాయసమీక్ష అనే మాట వచ్చేది. పిల్లలు దాన్ని పరీక్షకు వచ్చే ప్రశ్నగా బట్టీ పట్టేవాళ్ళు. నేను పుస్తకం మూసి, అక్క ఒడ్డున అడిగిన ప్రశ్న వాళ్ళను అడిగేదాన్ని. మొదట పెట్టుకున్న మాట పెద్దదా, మొన్న అందరూ కలిసి చేసింది పెద్దదా, ఎవరు చెప్పాలి? చెప్పేవాడు లేకపోతే ఏమవుతుందో కూడా చెప్పేదాన్ని, బావ పేరు ఎత్తకుండా. ఊరంతా ఒకే మాట మీద ఉన్న చోట నాకు ఈనాటికీ ధైర్యం రాదు. చెల్లదని చెప్పే మనిషి ఎక్కడైనా ఉన్నాడా అని కళ్ళు వెతుకుతాయి.

రచ్చ దగ్గర ఆమె అడిగిన రెండో ప్రశ్న మాత్రం ఏ తరగతిలోనూ అడగలేదు. తాత ఆ రోజు చెప్పింది న్యాయమే. ఆమె అడిగింది కూడా న్యాయమే. ఆ రెండింటినీ కలిపే మాట నాకు ఇప్పటికీ దొరకలేదు.