ఎడమ చేతి కానుక

నిన్న సాయంత్రం ఇంట్లో ఉడికించిన మైదా లై జిగురు వాసన. పిల్లల క్రిస్మస్ కానుకలకు తెల్ల కాగితం అంటించి, ఆరడానికి గోడ వారగా పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి మా అమ్మాయి రెండు పొట్లాలనూ రెండు అరచేతుల్లో పెట్టుకుని తక్కెడలాగా పైకీ కిందికీ ఊపుతోంది. "అమ్మా, తమ్మునిది బరువున్నది. అంటె నీకు వాడే ఎక్కువ గదా," అంది. కోపంగా అనలేదు, ఏడుస్తూ అనలేదు. లెక్క సరిచూసుకున్న మనిషిలా అని, ఎక్కడివక్కడ పెట్టేసింది. సరిగ్గా అప్పుడే నాకు భయం వేసింది. జ్వరమొస్తే మందుంది, దెబ్బ తగిలితే కట్టుంది. చేతిలో ఉన్నదాన్ని బట్టి తన విలువ కట్టుకోవడం ఒకసారి మనిషికి అలవాటైతే, దానికి మందు ఏ దవాఖానలో దొరుకుతుంది? ఆ జబ్బుతోనే మా బాపు మాకు దక్కకుండా పోవలసింది. ఆయన్ని వెనక్కి తెచ్చింది సలోమి టీచరమ్మ.

సిద్దిపేటలో మా వాడకట్టు చివరి ఇల్లు ఆమెది. వారమంతా బడిలో, ఆదివారం చర్చిలో మాకు ఆమే పంతులమ్మ. ఎడమ చేత్తో పలక అందిస్తే వేళ్ల మీద బెత్తంతో ఒక్కటిచ్చేది. క్రిస్మస్ ముందు ఆదివారం మా చర్చిలో తెల్ల కానుకల ఆరాధన జరిగేది. ప్రతి ఇల్లూ ఏదో ఒక వస్తువును తెల్ల కాగితంలో చుట్టి, పేరు రాయకుండా తేవాలి. పండుగ ముందు రోజు ప్రతి ఇంటికీ ఒక పొట్లం చేరుతుంది. ఎవరిది ఎవరికి వెళ్లిందో తెలియదు. ఒకసారి బట్టల దుకాణం వాళ్లావిడ, "టీచరమ్మా, ఎర్ర రిబ్బన్ ఒక్కటి కట్టుకుంటె ఏమైతది? ముద్దుగుంటది," అని అడిగింది.

"ఏంగాదు. మీదని ఎర్కైతది, గంతే."

"ఎర్కైతె ఏమాయె?"

"తీసుకున్నోళ్లు మీరు కనవడ్డప్పుడల్లా తల వంచుకోవాలె. పుట్టిన దేవుడు మనల్ని తల వంచుమనలే గదమ్మా, ఎత్తుకొమ్మన్నడు."

ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

బాపు తాపీ మేస్త్రీ. నా చిన్నప్పుడు పరంజా మీద నుంచి పడి కుడి మోచేయి విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది గానీ చెయ్యి పైకి లేవలేదు. అమ్మ నారాయణరావుపేట వైపు పొలాల్లోకి కూలికి పోసాగింది. బాపు గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. పెట్టిన అన్నం సగం అలాగే వదిలేసేవాడు. చర్చికి రావడం మానేశాడు. ఒకరోజు అమ్మ సద్దిమూట కట్టుకుంటూ నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది. "బాపు ఎటు వోతె అటు వో బిడ్డా. ఒక్కన్ని ఇడువకు." ఎందుకని అడిగాను. "పొమ్మంటె పో," అంది. ఆమె కళ్లు చూశాక మళ్లీ అడగలేదు. ఇప్పటికీ పిల్లలు కాసేపు కనబడకపోతే వీధంతా వెతుక్కుంటూ పోతాను. ఆ రోజుల్లో పట్టుకున్న భయమే ఇది.

డిసెంబరులో టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. ఏదో సాయం తెచ్చిందనుకుని అమ్మ చాప పరిచింది.

"ఏం దానియేలూ, అందరియి వస్తున్నయ్. నీ పొట్లం ఏది?"

బాపు గోడవైపే చూస్తూ అన్నాడు. "నా దగ్గర ఏమున్నది టీచరమ్మా? కూసోని తినెటోన్ని."

"గదంత నాకెర్క లేదు. ఆదివారం తేవాలె."

"ఎడమ చెయ్యొక్కటే లేస్తది. దేవుని ముందట ఎడమ చేత్తోని వెట్టాల్నా? మంది నవ్వరా?"

"నవ్వేటోళ్లు నవ్వని. నువ్వైతె తే."

చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయింది. అమ్మ గిన్నెలు విసిరికొట్టింది. "తిననీకి లేని ఇంట్ల కానుకలు గావాల్నట గీమెకు! రాళ్లు చుట్టి ఇద్దామా?" టీచరమ్మకు మనసు లేదని నాకూ అనిపించింది.

మరునాడు పొద్దున బాపు చూరులోంచి కొడవలి తీసుకుని గడప దాటాడు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వెంటపడ్డాను. వాగు దాకా ఆయన వెనక్కి తిరగలేదు. ఒక ఈత పొద దగ్గర ఆగి, తల తిప్పకుండానే అన్నాడు. "దొంగ లెక్క ఎనుకెనుక ఎందుకే పోరీ? దా, గీ మట్ట పట్టుకో. ఒక్క చేత్తోని తెగుతలేదు."

మట్ట పట్టుకున్నాను. ముల్లు గుచ్చుకున్నా నొప్పి తెలియలేదు. చెయ్యి విరిగిన తర్వాత బాపు ఎవరినైనా ఏదైనా అడగడం అదే మొదలు. ఆకులు చీల్చి, కాలి బొటనవేలితో తాడు బిగించి, ఆయన చీపురు కట్టాడు. నేను తెల్ల కాగితం చుట్టాను. ఎన్ని చుట్లు చుట్టినా అది చీపురులాగే ఉంది. "గుడ్డోనికి గూడ ఎర్కైతది," అంది అమ్మ. బాపు పగలబడి నవ్వాడు. అమ్మ నవ్వబోయి, కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం కానుకల బల్ల పక్కన టీచరమ్మ నిలబడి ఒక్కో పొట్లం అందుకుంటోంది. బాపు వంతు వచ్చింది. ఎడమ చేత్తో చీపురు పొట్లం చాచాడు. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. టీచరమ్మ తన కుడిచేతిని వీపు వెనక్కి పెట్టుకుని ఎడమ చెయ్యి చాచింది. మా వేళ్ల మీద కొట్టిన ఆ పంతులమ్మ, చర్చి అంతా చూస్తుండగా, ఎడమ చేత్తో ఆ చీపురును పసిబిడ్డను అందుకున్నట్టు అందుకుని గుండెకు ఆనించుకుంది. నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. బాపు వెనకున్న బట్టల దుకాణం వాళ్లావిడ తన పొట్లాన్ని కుడిచేతిలోంచి ఎడమ చేతికి మార్చుకుంది. ఆమె వెనక ఇంకెవరు మార్చుకున్నారో నేను చూడలేదు. నా చూపు బాపు ముఖం మీది నుంచి కదల్లేదు.

ఆ పండుగకు మా ఇంటికి ఒక కంబళి వచ్చింది. ఇచ్చినవాళ్ల ఆనవాలేదైనా దొరుకుతుందేమోనని అమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది. "ఎతుకకు. కప్పుకో," అన్నాడు బాపు. ఆ ఎండాకాలానికి ఎడమ చేత్తో తాపీ పట్టి మళ్లీ గోడ లేపాడు.

దేవుడు క్రిస్మస్ నాడు ఏమిచ్చాడని ఎవరైనా అడిగితే నాకు ఆ చాచిన చెయ్యే కనబడుతుంది. సర్వం ఉన్నవాడు పసివాడై పుట్టి ఒక పేదపిల్ల ఒడి అడిగాడు, పాలు అడిగాడు, ఎత్తుకోమని ఏడ్చాడు. ఏమీ లేదనుకున్న వాళ్ల ముందు చెయ్యి చాచి, వాళ్లను ఇచ్చేవాళ్లను చేశాడు. టీచరమ్మ మా బాపుకు ఇచ్చింది అదే.

నేను మాత్రం ఇన్నేళ్లుగా పిల్లలకు అన్నీ ఇస్తూ, వాళ్లను ఏమీ అడగని తల్లిని. ఈ రోజు పొద్దున పొట్లాల మీదికి వంగిన ఇద్దరినీ ఆపి, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను. "గవి తర్వాత ఇప్పుకోవచ్చు. ముందుగాల మీరు నాకొకటి ఇయ్యాలె. రాత్రి అమ్మకు మస్తు బయమైంది, నిద్ర వట్టలే. గియ్యాల చర్చికి నన్ను మీరే తోల్కవోవాలె. తొవ్వ పొడుగునా పాట వాడుకుంట పోదాం. మీరు పాడితె నాకు బయం పోతది."